ద్వారం వేంకటస్వామి నాయుడు

పూర్వము కోనసీమలో పెండ్లిపందిళ్ల యందును, దేవాలయ మండపముల యందును పాటకచేరులు జరుగుచుండెడివి. వేదిక నడుమ గాయకుడు, ఒక ప్రక్క మృదంగము, మఱియొక ప్రక్క ఫిడేలు. అమలాపురమున నైనను, మద్రాసున నైనను ఇదియే వరుస. ఫిడేలు వాయించువాడు గాయకుని వెంట నీడవలె నడువవలెను. తనకు అవకాశ మిచ్చినపుడు కొంతసేపు విద్య చూపి, మరల వెనుకకు తగ్గవలెను. వీణకును వేణువునకును గల స్వతంత్ర గౌరవము దానికి లేకుండెను. ఈ స్థితిని మార్చినవారిలో అగ్రగణ్యులు ద్వారం వేంకటస్వామి నాయుడుగారు.

వారు 1893 నవంబరు 8వ తేదీన బెంగుళూరులో జన్మించిరి. తండ్రి సైన్యమున ఉద్యోగి. నాయుడుగారు పెరిగినది విశాఖపట్టణమున. చిన్నతనము నుండియు వారికి చూపు మందము. అక్షరము కంటికి ఆనని బాలునకు బడిచదువు ఎట్లు సాగును? అది నడుమనే ఆగిపోయెను. అన్నగారగు వేంకటకృష్ణయ్య తమ్ముని చేతికి ఫిడేలు నిచ్చి పాఠము చెప్పిరి. కన్ను చేయలేని పనిని చెవి చేసెను.

1919లో విజయనగర ప్రభువు విజయరామ గజపతి సంగీత కళాశాలను స్థాపించిరి. కోటలోని ఉద్యోగి ఒకరి అంధకుమారునకు సంగీతము నేర్పింపవలెనను తలంపే దీనికి మూలమందురు. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులు. నాయుడుగారు అచ్చట విద్యార్థిగా చేరగోరి పోయిరనియు, వారి వాదనము విన్న పెద్దలు అధ్యాపక పదవినే యిచ్చిరనియు చెప్పుకొందురు. అప్పటికి వారికి 26 ఏండ్ల ప్రాయము. 1936లో దాసుగారి తరువాత వారే అధ్యక్షులైరి.

ఫిడేలు మన దేశమున పుట్టినది కాదు. పాశ్చాత్యులు తెచ్చిన ఈ వాద్యమును ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మన సంగీతమునకు మలచిరి. పాశ్చాత్యులు దానిని గడ్డము క్రింద అదిమిపట్టి వాయింతురు. మనవారు నేలపై కూర్చుండి, దాని తలను కుడిపాదముపై ఆనించి, మొదలును ఱొమ్మునకు చేర్చుకొందురు. బరువు మోయు పని తప్పినందున ఎడమచేతి వ్రేళ్లు తీగపై జారుచు గమకములను పలికించును. నాయుడుగారు కమానును నిడుపుగా లాగి, గాయకుని గొంతువలె రాగమును తెగని ధారగా వినిపించెడివారు. పాశ్చాత్య సంగీతమును గూడ ప్రీతితో వినెడివారు.

1938లో వేలూరున వారి తొలి స్వతంత్ర కచేరి జరిగెను. ఇది సామాన్యమైన సాహసము కాదు. పాటలోని మాటకు అలవాటుపడిన శ్రోతలు మాటలేని నాదమును కూర్చుండి వినవలెను. అది తేలిపోయినచో, ప్రక్కవాద్యము ప్రక్కననే యుండవలె ననువారి మాట నెగ్గెడిది. అట్లు జరుగలేదు. ఆ పిమ్మట నాయుడుగారి ఫిడేలు కచేరులు దేశమున పలుచోట్ల జరిగెను.

ఆ 1938లోనే, జనవరి 16న, అమెరికాలో న్యూయార్కు నగరమందలి కార్నెగీ హాలులో బెన్నీ గుడ్‌మన్ అను క్లారినెట్ విద్వాంసుడు తన బృందముతో జాజ్ కచేరి చేసెను. అంతవరకు జనులు నాట్యమాడుటకై వాయించుచుండిన స్వింగ్ సంగీతమును, మహావిద్వాంసులు వాయించు ఆ సభామందిరమున శ్రోతలు కూర్చుండి వినిరి. ఆ కచేరికిని వేలూరు కచేరికిని ఏ సంబంధమును లేదు. అయినను రెండుచోట్లను, చిన్నచూపునకు గురియైన దానికి పెద్దపీట దొరకెను.

1941లో మద్రాసు సంగీత విద్వత్సభ నాయుడుగారిని సంగీత కళానిధి బిరుదముతో గౌరవించెను. 1952లో భారతదేశమునకు వచ్చిన జగద్విఖ్యాత వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ వారి వాదనము విని మెచ్చుకొనెను. 1957లో పద్మశ్రీ లభించెను. ఇన్ని గౌరవములు వచ్చినను శిష్యులకు పాఠము చెప్పుట వారికి ప్రియమైన పనియే. వారి కుమార్తె మంగతాయారుగారు కూడ ఫిడేలు విదుషీమణిగా పేరు పొందిరి.

నాయుడుగారు 1964 నవంబరు 25న హైదరాబాదులో కన్నుమూసిరి. శతజయంతి సందర్భమున 1993లో తపాలాశాఖ వారి పేర బిళ్లను వెలువరించెను. కోనసీమలో, రాజోలు ప్రాంతమందలి శంకరగుప్తమున 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గానమున జగత్ప్రసిద్ధులైరి గదా! వారును ఫిడేలు చేతబట్టినవారే. దానికి అన్నవంటిదగు వయోలాను సైతము వేదిక నడుమ కూర్చుండి వాయించిరి.