చేపల చావు చెప్పిన రాచెల్ కార్సన్

పత్తి చేనుకు మందు కొట్టినాక పంపు తెచ్చి వాగులో కడిగితే చేపలు పొట్ట తిరగేసి తేలడం మనలో చాలామందిమి చూసిందే. అవి ఎందుకు చస్తాయో లోకానికి చెప్పిన శాస్త్రవేత్త గురించి ఈసారి రాస్తున్నాను.

రాచెల్ కార్సన్ 1907 మే 27న అమెరికాలో స్ప్రింగ్‌డేల్ అనే ఊళ్లో జన్మించింది. కలిగిన ఇల్లు కాదు. జంతుశాస్త్రం చదివి 1932లో ఎం.ఏ. పట్టా పొందింది. అప్పుడు ఈమె పరిశోధన దేని మీదనుకున్నారు? మన జెల్ల లాంటి మీసాల చేప పిల్లలో మూత్రపిండం ఎట్లా ఏర్పడుతుందని! 1935లో తండ్రి చనిపోయాడు. ఇంటి భారం మీద పడి ప్రభుత్వ మత్స్యశాఖలో పనికి చేరింది. సముద్రం మీద పుస్తకాలు రాసి పేరు రావడంతో 1952లో ఉద్యోగం మానేసింది.

1954లో కెనడాలోని మిరామిషి నది పక్క అడవికి పురుగు పట్టిందని విమానాలతో డి.డి.టి. చల్లారు. రెండు రోజుల్లోనే ఒడ్డు పొడుగునా చచ్చిన చేపలు. ఆ ఏడు పుట్టిన సాల్మన్ పిల్లలు దాదాపు మిగల్లేదు. నీటిపురుగులు కూడా చచ్చాయి గనుక బతికిన చేపలకు తిండే లేదు. ఈ మందు మొప్పల గుండా రక్తంలోకి పోతుంది. నరాలను ఆగనియ్యదు, చేప వణికి వణికి చస్తుంది. వెంటనే చావకపోతే కొవ్వులో నిలవుంటుంది.

కాలిఫోర్నియాలో క్లియర్ లేక్ అనే చెరువుంది. దోమ లాంటి పురుగుల కోసం 1949లో డి.డి.డి. అనే మందు కలిపారు. ఎంతనుకున్నారు? 7 కోట్ల పాళ్ల నీటికి ఒక్క పాలు! తర్వాత 1954, 1957లో ఇంకాస్త ఎక్కువ. నీటి నాచు నుంచి చిన్న చేపకు, దాన్నుంచి పెద్ద చేపకు, చేపలు తినే పక్షికి పోతూ మందు పెరిగింది. చచ్చిన పక్షుల కొవ్వులో పది లక్షల పాళ్లకు 1600 పాళ్లు తేలింది. లెక్కల్లో నేను వీకే గాని ఇది చదివి భయమేసింది.

ఇవన్నీ చేర్చి 1962లో 'సైలెంట్ స్ప్రింగ్' అనే పుస్తకం తెచ్చింది. రాసేటప్పుడే ఆమెకు రొమ్ము కాన్సర్. ఆ సంగతి బయటికి చెప్పలేదు. మందుల కంపెనీలు ఆమెను బాగా తిట్టిపోశాయి. మందులే వద్దని ఆమె అనలేదు, తెలియకుండా ఇష్టమొచ్చినట్టు చల్లొద్దన్నది, అంతే. (మన ఏజెన్సీ ఇళ్ల గోడలకు మలేరియా రాకుండా కొట్టింది కూడా డి.డి.టి.యే మరి.) 1963లో అధ్యక్షుడు కెనెడీ వేసిన శాస్త్రవేత్తల సంఘం ఆమె మాట చాలావరకు నిజమేనన్నది.

1964 ఏప్రిల్ 14న, 56 ఏళ్లకే కన్నుమూసింది. అమెరికా పొలాల్లో డి.డి.టి.ని ఆపింది 1972లో. అప్పటికి ఆమె పోయి 8 ఏళ్లు.