చదువుకు కొలువు చూపిన మోక్షగుండం

మైదుకూరు: కేసీ కాలువ నీటిపై ఆధారపడిన మైదుకూరు రైతాంగానికి ఇంజినీరు విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ఇక్కడి నుంచి పోరుమామిళ్ల మీదుగా వెళ్లే దారి గిద్దలూరు చేరుతుంది. ఆ సమీపంలోని మోక్షగుండం గ్రామమే భారతరత్న మోక్షగుండం విశ్వేశ్వరయ్య పూర్వీకుల స్వస్థలం. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను దేశం ఇంజినీర్ల దినోత్సవంగా జరుపుకొంటోంది.

విశ్వేశ్వరయ్య 1861లో మైసూరు సంస్థానంలోని ముద్దెనహళ్లిలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయారు. బెంగళూరులో పిల్లలకు పాఠాలు చెబుతూ 1881లో బీఏ పూర్తి చేశారు. పైచదువుకు స్తోమత లేని ఆ యువకుడిని మైసూరు ప్రభుత్వ ఉపకార వేతనమే పుణె సైన్స్ కళాశాలకు చేర్చింది. 1883లో సివిల్ ఇంజినీరింగ్ పరీక్షలో ప్రథముడిగా నిలిచారు. మరుసటి ఏడాదే బొంబాయి ప్రభుత్వం ఆయనను ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజినీరుగా నియమించింది.

మూసీకి అడ్డుకట్ట

పుణె సమీపంలోని ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన రూపొందించిన స్వయంచాలక గేట్లను 1903లో అమర్చారు. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తగా నిజాం ప్రభుత్వం ఆయనను పిలిపించింది. ఆయన సూచనల ఫలితమే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు. 1909లో మైసూరు చీఫ్ ఇంజినీరుగా బాధ్యతలు చేపట్టి, కృష్ణరాజసాగర్ నిర్మాణానికి నాంది పలికారు.

కళాశాల, కర్మాగారం

1912లో దివాను పదవి చేపట్టిన ఆయన, తాను పొందిన అవకాశాన్ని ఇతరులకూ కల్పించారు. ఆయన హయాంలోనే 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగళూరులో ఇంజినీరింగ్ కళాశాల వెలిశాయి. ఆనకట్టలకు, పరిశ్రమలకు కావలసిన నిపుణులను సొంతగడ్డ మీదే తయారు చేసుకోవాలన్నది ఆయన సంకల్పం. అనంతరం భద్రావతి ఇనుప కర్మాగారాన్ని గాడిలో పెట్టారు. అక్కడ తనకు రావలసిన ప్రతిఫలాన్ని యువతకు వృత్తివిద్య నేర్పే సంస్థ కోసం ఇచ్చేశారు. 1955లో భారతరత్న అందుకుని, నూరేళ్లు నిండాక 1962 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

మన విద్యార్థులకు దారి

పులివెందుల జేఎన్‌టీయూ, ప్రొద్దుటూరు యోగివేమన విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కళాశాలలు మన ముంగిటే ఉన్నాయి. అయినా ఇంటర్ ముగించిన పిల్లల చూపు ఎక్కువగా కంప్యూటర్ కోర్సుల వైపే సాగుతోంది. చెరువు కట్టే విధానాన్ని 1369లోనే శాసనంగా చెక్కించిన పోరుమామిళ్ల ఉన్న సీమలో నీటి పనులు తెలిసినవారు కరవైతే నష్టపోయేది రైతే. ఉపకార వేతనం, పనిచోట శిక్షణ, చదువు ముగియగానే కొలువు అన్న భరోసాను కళాశాలలు, నిర్మాణ సంస్థలు కలిసి కల్పిస్తే పేదింటి పిల్లలు సివిల్ వైపు వస్తారు. ఆ దారి ఎంత దూరం తీసుకువెళ్తుందో విశ్వేశ్వరయ్య జీవితమే నిదర్శనం.