డిగ్రీ లేదు... ఊపిరి పోశాడు!

1916 జులై. అమెరికాలోని క్లీవ్‌లాండ్. ఈరీ సరస్సు అడుగున తాగునీటి సొరంగం తవ్వుతుండగా గ్యాస్ పేలింది. కాపాడ్డానికి లోపలికెళ్లిన వాళ్లూ తిరిగి రాలేదు. చివరికి ఓ మెకానిక్‌కి కబురెళ్లింది. సోదరుడు ఫ్రాంక్‌తో కలిసి, తను తయారుచేసిన తొడుగు తలకు తగిలించుకుని దిగాడు. ఇద్దరిని ప్రాణాలతో బయటికి తెచ్చాడు. అతనే గారెట్ మోర్గాన్.

1877లో కెంటకీలో ఓ నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. బడి చదువు ఆరో తరగతితో సరి. ఓ కంపెనీలో ఊడ్చే పనిలో చేరి, చూస్తూ చూస్తూ కుట్టుమిషన్ల రిపేర్లు నేర్చాడు. 1907లో సొంత షాపు పెట్టాడు.

అగ్నిమాపక సిబ్బంది పొగకే కుప్పకూలడం అతన్ని ఆలోచనలో పడేసింది. వేడి పొగ పైకి లేస్తుంది, నేల దగ్గర గాలి కాస్త నయం. అందుకే తొడుగుకి నేలదాకా వేలాడే గొట్టం, దాని చివర తడి స్పాంజ్ పెట్టాడు. 1914లో పేటెంట్ వచ్చింది. నల్లవాడు చేసిందంటే కొనరని, తెల్లజాతి వ్యక్తిని సృష్టికర్తగా నిలబెట్టి, తను వేషం మార్చుకుని పొగలోకి వెళ్లి చూపించేవాడు. సొరంగం ఘటనతో అసలు సంగతి బయటపడి, ఆర్డర్లు రద్దయ్యాయి. ఇతరులకు వచ్చిన ఓ సాహస పతకం అతనికి రాలేదు. అయినా ఆగలేదు. 1923లో ట్రాఫిక్ సిగ్నల్‌కి పేటెంట్ తీసుకున్నాడు. 1963లో కన్నుమూశాడు.

మోర్గాన్ సూత్రం సింపుల్: ముందు మంచి గాలి ఎక్కడుందో చూడు, ఆ తర్వాతే వడకట్టు. అనంతపురం జిల్లా కణేకల్ వైపు హగరి ఇసుక గాలికి లేచి పొలాల్లో దిబ్బలు కడుతుంది. అలాంటి చోట గాలి వీచేటప్పుడు కిటికీలు మూయాలి, తడిగుడ్డతో తుడవాలి. బయటికెళ్తే ముఖానికి అతుక్కునే ఎన్‌95 మాస్క్ వాడాలి. కర్చీఫ్ ఇసుకని ఆపుతుందేమో గానీ సన్నటి ధూళిని ఆపలేదు. ఇంట్లో కట్టెల పొయ్యి వెలిగితే మాత్రం కిటికీ తెరవాల్సిందే. కార్బన్ మోనాక్సైడ్‌ని ఎన్‌95 లాంటి మాస్కులు ఆపవు. మంటల్లో చిక్కుకుంటే వంగి, నేలకు దగ్గరగా బయటపడండి.

ఇంటర్వ్యూలో ప్రాజెక్ట్ గురించి అడుగుతారు కదా? మీ ఊరి గాలిలోనే ఒకటి దొరకొచ్చు. మోర్గాన్‌కి దొరికింది పొగలోనే!