రూమ్మేటుకు తన భాష నేర్పినవాడు

హాస్టల్లో చేరిన కొత్తలో నా యాస విని ఎవరైనా నవ్వుతారేమోనని మెస్సులో తల వంచుకుని తినేవాణ్ణి. ఆ రోజుల్లోనే లైబ్రరీలో నీజిమా జో జీవితం చదివాను.

ఆయన 1843లో ఎడోలో, అంటే నేటి టోక్యోలో, సమురాయి ఇంట పుట్టాడు. అనుమతి లేకుండా దేశం దాటితే మరణశిక్షే. అయినా చదువు మీద ఆశతో 1864లో హకొడాటే రేవులో దొంగచాటుగా అమెరికా ఓడ ఎక్కాడు. కత్తి పట్టిన చేతులతో గిన్నెలు తోమాడు, బట్టలు ఉతికాడు. జో అన్నది ఓడ కెప్టెను పెట్టిన పేరే. 1865లో బోస్టన్ చేరాక ఓడ యజమాని ఆల్ఫియస్ హార్డీ ఆయన్ని సొంత కొడుకులా చదివించాడు.

1867లో ఆమ్‌హర్స్ట్ కాలేజీలో చేరేనాటికి ఆయనకు 24 ఏళ్లు. భాష కొత్త, తిండి కొత్త, మతాచారాలు కొత్త. అయితే వాళ్లది నేర్చుకోవడంతో ఆగలేదు. రూమ్మేటు విలియం హాలండుకు తన జపాను భాష నేర్పాడు. ఆ హాలండే తర్వాత సీతాకోకచిలుకల శాస్త్రజ్ఞుడిగా పేరు పొందాడు. జో 1870లో సైన్సు పట్టా పుచ్చుకుని, స్వదేశం వెళ్లి, 1875లో క్యోటోలో 8 మంది పిల్లలతో బడి పెట్టాడు. నేటి దోషిషా విశ్వవిద్యాలయం అదే. 1890లో, 46 ఏళ్లకే కన్నుమూశాడు.

మొన్న మా టౌను రూమ్మేటు దమ్ము చేయడమంటే ఏమిట్రా అని అడిగాడు. ఈసారి తలెత్తి, మా ఊరి యాసలోనే చెప్పాను. నవ్వలేదు, ఇంకా చెప్పమన్నాడు.