పియర్ ఫోషార్

పియర్ ఫోషార్ (మరణం: మార్చి, 1761) సుప్రసిద్ధ ఫ్రెంచి దంతవైద్యుడు. ఆధునిక దంతవైద్య పితామహుడుగా ఇతడు ప్రసిద్ధి చెందాడు. గురుశిష్యుల మధ్య రహస్యంగా ఉండిపోయిన విద్యను గ్రంథస్థం చేసి అందరికీ అందించిన ఘనత ఇతనిది.

తొలి జీవితం

ఫోషార్ 17వ శతాబ్దం చివరి పాదంలో పశ్చిమ ఫ్రాన్సులో జన్మించాడు. 15 ఏళ్ళ ప్రాయంలో ఫ్రెంచి రాజ నౌకాదళంలో చేరి, పోటెలెరె అనే శస్త్రవైద్యుని వద్ద శిక్షణ పొందాడు. సుదీర్ఘ నౌకాయానాలలో స్కర్వీ వ్యాధి సోకిన నావికుల చిగుళ్ళు వాచి, పళ్ళు ఊడిపోవడం గమనించడంతో ఇతని దృష్టి దంతవ్యాధుల వైపు మళ్ళింది. నౌకాదళాన్ని వీడిన తరువాత ఆంజే నగరంలోను, సుమారు 1719 నుండి పారిస్‌లోను వైద్యం చేశాడు. ఆ రోజులలో పారిస్ వంతెనల మీద, సంతలలో గుంపుల మధ్య పళ్ళు పీకడమే చాలామందికి తెలిసిన దంతవైద్యం.

గ్రంథ రచన

ఫోషార్ 1723లో తన గ్రంథం వ్రాతప్రతిని పూర్తి చేసి, తోటి వైద్యుల అభిప్రాయాలను సేకరించాడు. 1728లో అది 'దంత శస్త్రవైద్యుడు' అని అర్థమిచ్చే పేరుతో రెండు సంపుటాలుగా వెలువడింది. దంతాల నిర్మాణం, వ్యాధులు, పూడికలు, కట్టుడు పళ్ళు, పరికరాలు ఇందులో వివరించబడ్డాయి. పళ్ళు పుచ్చడానికి పురుగే కారణమన్న ప్రాచీన విశ్వాసాన్ని ఇతడు తిరస్కరించాడు. సూక్ష్మదర్శినితో వెదకినా పురుగు కనిపించలేదని తెలిపాడు. చక్కెర దంతాలకు హానికరమని హెచ్చరించాడు. 1733లో జర్మను అనువాదం, 1746లో రెండవ ముద్రణ వచ్చాయి. ఆంగ్లానువాదం మాత్రం 1946లో గాని వెలువడలేదు.

దంతమూల చికిత్స

చీము పట్టిన పంటిని పీకివేయడానికి బదులు, దాని లోపలి గదిని తెరచి, సన్నని సూదితో చీముకు దారి కల్పించి, లవంగ తైలమో దాల్చినచెక్క తైలమో అద్దిన దూది ఉంచి, కొంతకాలం తరువాత సీసంతో పూడ్చే పద్ధతిని ఫోషార్ వివరించాడు. లోపలి దోషం తొలగకుండా పైన మూయరాదన్నది ఇందులోని సూత్రం. నేడు విఫలమైన రూట్ కెనాల్‌కు మరల చికిత్స చేసేటప్పుడు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. పాత పూడికగా ఉన్న గట్టాపెర్చాను సన్నని ఆకురాళ్ళతో, వేడితో, అవసరమైతే దానిని కరిగించే ద్రావకంతో తొలగించి, మూలనాళాన్ని చివరి వరకు శుభ్రపరచిన తరువాతే తిరిగి పూడుస్తారు. పాత పదార్థం మిగిలిపోతే దాని చాటున సూక్ష్మజీవులు నిలిచిపోయే ప్రమాదం ఉంది.

పరిమితులు

ఫోషార్ కాలానికి వ్యాధికారక సూక్ష్మజీవుల గురించి గాని, ఎక్స్-రే గురించి గాని, మత్తుమందు గురించి గాని తెలియదు. మూత్రంతో పుక్కిలించమన్న ఇతని సలహాను తరువాతి వైద్యులు అంగీకరించలేదు.

గుర్తింపు

1936లో అమెరికాలో ఇతని పేరిట దంతవైద్యుల అకాడమీ ఒకటి స్థాపించబడింది.