బోదకాలు మాత్ర వెనుక భీమవరం డాక్టర్.. యల్లాప్రగడ సుబ్బారావు కథ తెలుసా?

నెల్లూరు: తీరప్రాంత గ్రామాల్లో ఫైలేరియా మాత్ర అంటే చాలామందికి తెలుసు. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి, అన్నం తిన్నారో లేదో కనుక్కుని, కళ్లముందే మింగించే మాత్ర అది. పేరు డీఈసీ. ఆ మందును తెచ్చిన పరిశోధనను నడిపించింది మన తెలుగు డాక్టరే. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

ఖద్దరు కట్టినందుకు..
సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో పాసయ్యారు. మద్రాస్ మెడికల్ కాలేజీలో చదువుతూ గాంధీజీ పిలుపుతో ఖద్దరు కట్టారు. అది సర్జరీ ప్రొఫెసర్‌కి నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్ దక్కలేదు. అంతకన్నా తక్కువైన ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

అప్పట్లోనే ఇంట్లో పెద్ద విషాదం జరిగింది. స్ప్రూ అనే పేగుల జబ్బు ఇద్దరు సోదరుల్ని రోజుల తేడాలో బలి తీసుకుంది. అదే జబ్బు ఆయనకూ వచ్చింది. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో బతికి బయటపడ్డారు.

అమెరికాలో..
1922లో బోస్టన్ వెళ్లారు. రాత్రిళ్లు ఆస్పత్రిలో రోగుల పాన్‌లు ఎత్తే పని చేస్తూ హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సు చదివారు. రక్తంలో ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతితో పేరొచ్చింది. అయినా హార్వర్డ్‌లో పర్మనెంట్ ఉద్యోగం రాలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి మారారు.

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన వేలమంది అమెరికన్ సైనికులకు ఫైలేరియా సోకింది. అప్పుడు మందు కోసం వేట మొదలైంది. 1947లో హెట్రజాన్ పేరుతో డీఈసీ వచ్చింది. మరుసటి ఏడాది ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. అమెరికా వెళ్లాక ఒక్కసారి కూడా సొంతూరు చూడలేదు.

మందు ఒక్కటే చంపదు!
ఈ మాత్రలో ఓ విచిత్రం ఉంది. గాజు గొట్టంలో ఫైలేరియా పిల్ల పురుగుల మీద డీఈసీ వేస్తే వాటికి పెద్దగా ఏమీ కాదు. అదే మందు మనిషి ఒంట్లోకి వెళ్తే కొన్ని గంటల్లోనే రక్తంలో వాటి సంఖ్య పడిపోతుంది. ఎందుకంటే మందు పురుగుల్ని బయటపెడుతుంది. వాటిని చుట్టుముట్టి చంపేది మన ఒంట్లోని తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు. వచ్చిన క్రిమి ఏదైనా సరే, పుట్టుకతోనే ఉండే ఈ కాపలా దళం ముందుగా మీద పడుతుంది. దీన్నే సహజ రోగనిరోధక శక్తి అంటారు.

మాత్ర వేసుకున్నాక కొందరికి జ్వరం, తలనొప్పి వస్తాయి. చాలామంది దీనికే భయపడి మాత్రను దాచేస్తారు. చాలాసార్లు ఆ జ్వరం పురుగులు చస్తున్నాయనడానికి గుర్తు. సాధారణంగా ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతుంది. తగ్గకపోతే ఆరోగ్య సిబ్బందికి చెప్పాలి. రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్రంగా జబ్బుపడినవాళ్లు మాత్రం ఈ మాత్ర వేసుకోకూడదు.

ఒక్కసారి వేసుకుంటే సరిపోదా? సరిపోదు. పెద్ద పురుగులు ఒంట్లో ఏళ్ల తరబడి బతుకుతాయి, మళ్లీ పిల్లల్ని పెడతాయి. అందుకే ఫైలేరియా జిల్లాల్లో ఏటా మాత్రలు పంచుతూ వచ్చారు. వాటిలో నెల్లూరు ఒకటి.

కాలు వాచినవాళ్లు ఏం చేయాలి?
వచ్చేసిన వాపును మాత్ర తీసేయలేదు. చర్మం మన ఒంటికి మొదటి గోడ. వాచిన కాలిలో ఆ గోడకు పగుళ్లు పడతాయి. వేళ్ల సందుల్లోంచి బ్యాక్టీరియా దూరుతుంది. చలిజ్వరంతో కాలు ఎర్రబడి, వాపు ఇంకా పెరుగుతుంది. రొయ్యల చెరువుల్లో, వరి మళ్లలో తడి కాళ్లతో పనిచేసేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. రోజూ సబ్బు, మంచినీళ్లతో కాలు కడిగి, వేళ్ల సందులు మెత్తటి గుడ్డతో పొడిగా తుడుచుకోవాలి. పుండ్లు పడితే డాక్టర్‌కి చూపించాలి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోవాలి.