బడిపంతులు గిచిన్ ఫునాకోషి

కరాటే అనగానే పిల్లలకు ఇటుకలు పగులగొట్టడమూ, చలనచిత్రాలలో కథానాయకుడు గాలిలోకి ఎగిరి తన్నడమూ గుర్తుకు వస్తాయి. ఈ విద్యను జపాను ప్రధాన భూభాగానికి తెచ్చి, అక్కడినుండి లోకమంతటికీ అందే మార్గం వేసినవాడు ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

గిచిన్ ఫునాకోషి 1868లో ఒకినావా ద్వీపంలోని షురి పట్టణంలో జన్మించారు. నెలలు నిండకుండానే పుట్టిన అర్భకుడు కావడంతో ఎక్కువ కాలం బ్రతకడని ఇంటిల్లిపాదీ బెంగపెట్టుకున్నారట. మాతామహుల ఇంట పెరిగి, తాతగారి వద్ద చీనా ప్రాచీన గ్రంథాలు చదువుకున్నారు. ఒకినావా 1879 వరకు ర్యూక్యూ అనే ప్రత్యేక రాజ్యంగా ఉండేది. జపాను ప్రభుత్వం దానిని రద్దుచేసి తన పాలనలో కలుపుకున్నది. కొత్త ప్రభుత్వం పురుషులు శిఖ తీసివేయాలన్నది. ఫునాకోషి కుటుంబం ససేమిరా అన్నది. శిఖ విషయంలో మన పూర్వులకుండిన పట్టుదల తెలిసినవారికి ఇది వింతగా తోచదు. వైద్య కళాశాల ప్రవేశపరీక్షలో ఉత్తీర్ణుడైనా, శిఖ ఉన్నవారిని చేర్చుకోరన్న నిబంధనవల్ల ఆయన ఆ చదువు వదులుకోవలసి వచ్చింది.

1888లో సహాయోపాధ్యాయునిగా ఉద్యోగం దొరికినప్పుడు, దానికోసం ఆ శిఖనే తీయించుకోక తప్పలేదు. కొత్త క్రాపుతో ఇంటికి వెళ్ళగా తండ్రి కోపంతో మండిపడ్డాడు. తల్లి పెరటి దారిన పుట్టింటికి వెళ్ళిపోయింది. వైద్యుడు కావలసినవాడు బడిపంతులైన కథ ఇది. ఆ ఉద్యోగంలో ముప్పై ఏళ్ళకు పైగా గడిపారు.

బాల్యంలో తన సహపాఠి తండ్రి అయిన అంకో అజాటో వద్ద ఆయన కరాటే ఆరంభించారు. ఆ రోజులలో దీనిని బాహాటంగా నేర్పేవారు కారు. శిక్షణాలయాలు లేవు, ప్రత్యేక దుస్తులు లేవు. పగలు బడిలో పాఠాలు చెప్పి, రాత్రి లాంతరు పట్టుకొని చాలాదూరం నడిచి గురువుగారి ఇంటికి చేరేవారు. తెల్లవారుజామున తిరిగివచ్చే ఈ యువకుడు చెడు తిరుగుళ్ళు తిరుగుతున్నాడని ఇరుగుపొరుగు గుసగుసలాడుకునేవారట. నిజానికి అక్కడ జరిగేది ఒక్కటే. గురువు అరుగుమీద కూర్చొని చూస్తూ ఉంటే, శిష్యుడు మసక వెలుతురులో చేసిన కటానే మళ్ళీ మళ్ళీ చేయాలి. బాగుందన్న ఒక్క మాట ఆ గురువు నోట రావడం అపురూపం. ఆయన తృప్తిపడేవరకు తరువాతి కటా మొదలయ్యేది కాదు. మరొక గురువు అంకో ఇతోసు. తెక్కీ అనే మూడు కటాలకే ఫునాకోషికి దాదాపు పదేళ్ళు పట్టింది. మూడు నెలలలో నల్లపట్టీ ఆశించే నేటి విద్యార్థులు ఈ లెక్కను ఒకసారి చూసుకొనవచ్చు.

కటా అంటే ప్రత్యర్థి ఎదురుగా ఉన్నట్లు భావించి, నిర్ణీత క్రమంలో ఒంటరిగా చేసే అభ్యాసం. అడుగు ఎటు వేయాలో, ఏ చేయి అడ్డుకోవాలో, ఏ చేయి గుద్దాలో అన్నీ ముందే కుదిర్చి ఉంటాయి. దీనికి ముందుమెట్టు కిహోన్, అంటే నిలబడడం, గుద్దడం, అడ్డుకోవడం, తన్నడం అనే ప్రాథమిక పాఠం. కుడి పిడికిలి ముందుకు వెళ్తుండగా ఎడమ పిడికిలి అంతే వేగంతో నడుము వద్దకు రావాలి. బలం భుజాన కాక, నడుము తిరుగుడులో పుట్టాలి. ఇద్దరు ఎదురెదురుగా నిలిచి చేసే సాధన కుమితే. ఇవికాక గడ్డి చుట్టిన మాకివారా అనే కొయ్యను గుద్దుతూ పిడికిలిని గట్టిపరచుకుంటారు.

ఇరవయ్యవ శతాబ్దం తొలి సంవత్సరాలలో కరాటే ఒకినావా పాఠశాలలలో వ్యాయామ పాఠంగా ప్రవేశించింది. ఇతోసు బాలురకోసం సులభమైన ఐదు కటాలను కూర్చారు. హెయాన్ అన్న పేరుతో నేటికీ షోటోకాన్ శాఖలో మొదటిగా నేర్పేవి ఇవే. రహస్య విద్య బడి ఆవరణలోకి రావడం చిన్న మార్పు కాదు. ఫునాకోషి జీవితమంతా ఆ మార్పుకే అంకితమైంది.

1922లో విద్యాశాఖ టోక్యోలో ఏర్పాటు చేసిన వ్యాయామ ప్రదర్శనకు ఒకినావా పక్షాన ఆయనను పంపారు. అప్పటికి యాభై దాటిన వయస్సు. కొద్ది రోజులలో తిరిగి రావాలని బయలుదేరారు. జూడో స్థాపకుడు, స్వయంగా గొప్ప విద్యావేత్త అయిన జిగోరో కానో తన కోడోకాన్‌లో ప్రదర్శన ఇమ్మని కోరడంతో ప్రయాణం వాయిదా పడింది. తరువాత ఒకరి వెంట ఒకరు నేర్పమని రావడంతో అక్కడే ఉండిపోయారు. భార్య మాత్రం పితృదేవతల పూజ విడిచి రానని ఒకినావాలోనే నిలిచిపోయింది. ఆ ఎడబాటు యుద్ధకాలం వరకు సాగింది. ఆయన కీర్తి గురించి వ్రాసేవారు ఆమె చెల్లించిన మూల్యాన్ని తరచుగా మరచిపోతారు.

టోక్యోలో ఆయనకు ఆశ్రయమిచ్చింది ఒకినావా విద్యార్థుల వసతిగృహం. ఒక చిన్న గదికి ప్రతిఫలంగా ఆవరణ ఊడ్చేవారు, తోటపని చేసేవారు, రాత్రి కాపలా ఉండేవారు. ఒకనాడు పత్రికా విలేఖరి వచ్చి, ఊడుస్తున్న వృద్ధుని ఫునాకోషిగారు ఎక్కడని అడిగాడు. ఆయన లోపలికి వెళ్ళి, దుస్తులు మార్చుకొని వచ్చి, తానే ఆ వ్యక్తినని చెప్పగా విలేఖరి నిర్ఘాంతపోయాడు. డబ్బు చాలక టోపీ, నేత కిమోనో తాకట్టు పెట్టిన సందర్భాలూ ఉన్నాయి.

1924లో కెయియో విశ్వవిద్యాలయంలో కరాటే సంఘం ఏర్పడింది. తెల్ల దుస్తులు, పట్టీల తరగతులు కానో పద్ధతినుండి స్వీకరించినవే. చీనాను సూచించే లిపిచిహ్నం స్థానంలో శూన్యం అన్న అర్థం గల చిహ్నాన్ని వాడి, కరాటేకు వట్టిచేయి అన్న అర్థాన్ని స్థిరపరచడంలో ఆయన పాత్ర ప్రధానం. దానికి ఆధారంగా ఆయన బౌద్ధుల ప్రజ్ఞాపారమితా హృదయసూత్రాన్ని తలచారు. నాగార్జునుని శూన్యవాదం ఎరిగిన తెలుగువారికి ఇది పరాయిమాట కాదు. మొదటి దెబ్బ తనది కారాదన్నది ఆయన శిష్యులకు పెట్టిన ప్రధాన నియమం. కటాలు అడ్డుకోవడంతో మొదలవడాన్ని ఇందుకు సాక్ష్యంగా చూపేవారు. రక్షణ కవచాలు తొడిగి పోటీపోరాటాలు సాగించినందుకు ఒక విశ్వవిద్యాలయ సంఘాన్ని ఆయన విడిచి వెళ్ళారు కూడ.

శిష్యులు చందాలతో కట్టించిన శిక్షణాలయానికి ఆయన కలంపేరు షోటో మీదుగా షోటోకాన్ అని పేరు వచ్చింది. 1945 వైమానిక దాడులలో అది కాలిపోయింది. అదే సంవత్సరం, తన బోధన భారం మోస్తున్న మూడవ కుమారుడు గిగో క్షయతో మరణించాడు. యుద్ధానంతరం క్యూషూలో తిరిగి కలుసుకున్న భార్య 1947లో కన్నుమూసింది. ఆమె చితాభస్మంతో రైలులో టోక్యోకు వస్తుండగా, దారిలో స్టేషన్లలో పాత శిష్యులు వచ్చి నిలబడి నమస్కరించారు.

1957 ఏప్రిల్ 26న ఆయన మరణించారు. అంత్యక్రియల విషయంలోనే శిష్యులలో చీలిక వచ్చింది. ఆ ఏడాదే తొలి జాతీయ స్థాయి పోటీలు జరిగాయి. టోక్యో ఒలింపిక్స్‌లో కరాటే మొదటిసారిగా ప్రవేశించింది. 2021లో జరిగిన ఆ క్రీడలలో పురుషుల కటా స్వర్ణం గెలిచిన ర్యో కియునా షోటోకాన్ శాఖవాడు కాడు. కాని ఒకినావావాడే. ఆ ద్వీపానికి అదే తొలి ఒలింపిక్ స్వర్ణం.